మొదటి నాలుగు పేజీలు

సోమవారం ఉదయం మగవాళ్ళ వార్డులో జరిగిన పొరపాటు శుక్రవారానికి కల్పలత మెడకు చుట్టుకుంది.

హెర్నియా ఆపరేషన్‌కని చేరిన రామ్మోహనరావుగారికి, ఇంకెవరికో ఇవ్వాల్సిన ఇన్సులిన్ ఇచ్చేశారు. ఆయనకు షుగరు జబ్బు లేదు. పైగా ఆపరేషన్ కోసం పరగడుపున ఉన్నాడు. గంట తిరక్కుండా స్పృహ తప్పితే ఐసీయూకి మోసుకెళ్ళారు. ప్రాణం దక్కింది. మాట మాత్రం ఇంకా ముద్దముద్దగా వస్తోంది. ఆ ఇంజెక్షన్ చేసిన నర్సు కల్పలతను అదే రోజు డ్యూటీ నుంచి తప్పించారు. శుక్రవారం నాలుగు గంటలకు విచారణ. తప్పంతా ఆమెదేనని తేలితే ఉద్యోగం పోవడంతో ఆగదు, నర్సింగ్ కౌన్సిల్‌కీ రాస్తామన్నారు. కౌన్సిల్‌కి రాస్తే ఆ పిల్ల మరే ఆస్పత్రిలోనూ సిరంజి పట్టుకోలేదు.

ఆ శుక్రవారం మూడు గంటలకు, సిబ్బందికి శిక్షణ చూసే ఝాన్సీలక్ష్మి మీటింగు గదిలోకి వెళ్ళింది. బల్ల మీద ఒక్కో కుర్చీ ముందు ఒక్కో స్పైరల్ పుస్తకం పెట్టి ఉంది. తను జూన్ నెలంతా కూర్చుని రాసిన శిక్షణ ప్లాను. విచారణకు అది కూడా సాక్ష్యమేనన్నమాట. సంతోషంగానే తెరిచింది. మొదటి పేజీలో "క్లాసుల పట్టిక" అని ఉంది. అది మొదటి పేజీ కాదు. తను రాసినదాంట్లో ఐదో పేజీ. దాని కింద నంబరు చెరిపి, ఒకటి అని వేశారు.

ఇంకో పుస్తకం తెరిచింది. ఇంకొకటి. అన్నీ అంతే.

లిఫ్టు కోసం ఆగలేదు. మూడంతస్తులు మెట్లెక్కి, తలుపు మీద కొట్టకుండానే రాఘవేందర్ గదిలోకి వెళ్ళింది.

ఆస్పత్రిలో సిబ్బంది వ్యవహారాలన్నీ రాఘవేందర్ చేతిలోనే ఉంటాయి. చాయ్ గ్లాసు పట్టుకుని ఫోనులో ఏదో చూసుకుంటున్నాడు. అతని వెనక గోడ మీద ఆస్పత్రి వార్షికోత్సవం ఫొటో, మెడలో శాలువాతో.

"నా మొదటి నాలుగు పేజీలేవి, రాఘవేందర్ గారూ?"

"కూసోండ్రి మేడం. చాయ్ చెప్పనా?"

"పేజీలు అడుగుతున్నాను."

"ఏందీ మేడం, గంత సీరియస్." ఫోను బోర్లించి పెట్టాడు. "ప్లాను ఉన్నదా లేదా? క్లాసులున్నయ్, పోస్టర్లున్నయ్, తారీఖులున్నయ్, సంతకాలున్నయ్. మీరు ఐదు మెట్లు, ఐదు మెట్లు అంటరు కదా. అండ్ల నాలుగు మెట్లు ఉన్నయ్. ఒక్క మెట్టు తక్కువైతే ఏమైతది? జెర కాలు పెద్దగ చాపి ఎక్కినమనుకోండ్రి."

అన్నాక తన మాటకు తనే నవ్వుకున్నాడు. ఝాన్సీకి ఆ నవ్వు చూస్తే చెవులు వేడెక్కాయి. ఇదే మనిషి, ఆర్నెల్ల కిందట తనను ఉద్యోగంలోకి తీసుకున్నప్పుడు, ఆ ఐదు మెట్ల పద్ధతి గురించి తను చెబుతుంటే అంతా రాసుకున్నాడు. ముందు పని ఎక్కడ చెడుతోందో, ఎందుకు చెడుతోందో దగ్గరుండి చూడాలి. తర్వాత ఏం నేర్పాలో తేల్చుకోవాలి. తర్వాత పాఠం తయారు చేయాలి, చెప్పాలి. ఆఖర్న వార్డుకు తిరిగి వెళ్ళి, చెప్పినందువల్ల ఏమైనా మారిందో లేదో చూడాలి. ఇంతే. బ్రహ్మవిద్యేం కాదు. "సూపర్ మేడం, మన ఆస్పత్రికి ఇదే కావాలె" అన్నాడు ఆ రోజు.

"మీరు తీసేసింది మొదటి మెట్టు," అంది ఝాన్సీ. "మిగతా నలభై పేజీలకూ అదే ఆధారం. అందులో ఏం రాశానో మీకు బాగా తెలుసు. తెలుసు కాబట్టే తీసేశారు."

"నాకేం తెల్వదు. పుస్తకం లావైందని ప్రింటింగోనికి తగ్గించుమని చెప్పిన."

"వాడు సరిగ్గా మందుల ట్రేల సంగతి ఉన్న పేజీలే ఏరి తగ్గించాడా?"

రాఘవేందర్ చాయ్ ఒక గుక్క తాగాడు.

జూన్‌లో మూడు రోజులు, నీలం అట్ట వేసిన నోటు పుస్తకం పట్టుకుని మగవాళ్ళ వార్డులో ఒక మూల నిలబడింది ఝాన్సీ. మొదటి రోజు కల్పలత మందుల బండి తోసుకుంటూ వచ్చి, "ఏంది మేడం, పెండ్లిపిల్లను చూడనీకి వచ్చినట్టు గట్ల చూస్తున్నరు? నచ్చిన్నా లేదా?" అంది. అప్పుడే దుప్పట్లు మారుస్తున్న ఆయా రోసమ్మ, "నచ్చకుంటే చెప్పుర్రి, ఇంకో పిల్లను చూపిస్త. దీనికి కోపం జాస్తి" అని అందుకుంది. వార్డులో పేషెంట్లు కూడా నవ్వారు.

నవ్వుతూనే ఝాన్సీ లెక్కపెట్టుకుంది. ఆ మూడు రోజుల్లో ఆమె కళ్ళ ముందు యాభై ఎనిమిదిసార్లు మందులిచ్చారు. పేరు అడిగి ఇచ్చింది ఆరుసార్లు. మిగతావన్నీ "ఏడో నంబర్, గోలీలు", "పన్నెండు, సూది ఉంది, చెయ్యి చాపు". పేషెంట్లకు సైతం అలవాటైపోయి, నంబరు పిలిస్తే చెయ్యెత్తుతున్నారు. మొదటి రోజు ఝాన్సీకి నర్సుల మీద మండిపోయింది. చదువుకున్న పిల్లలు, పేరు అడగడానికి నోరు రాదా అనుకుంది. ఆ రాత్రి అలాగే రాసేసుకుని ఉంటే ఆమె ప్లాను కూడా అందరి ప్లానుల్లాగే ఉండేది.

రెండో రోజు కింద మందుల గది కిటికీ దగ్గరకు వెళ్ళింది. అక్కడ చూసింది ట్రేలను. పోయిన చలికాలం దాకా ప్రతి స్టీలు ట్రేకి రోజూ ఒక చీటీ అంటించేవారట. పేషెంటు పేరు, వయసు, రిజిస్టరు నంబరు ఉన్న చీటీ. చీటీలు అచ్చుకొట్టే మిషను రోజు విడిచి రోజు మొరాయించేది. ట్రేలకు అంటిన జిగురు గోకలేక ఆయాలు తిట్టుకునేవాళ్ళు. అప్పుడు రాఘవేందర్‌కి ఒక ఆలోచన వచ్చింది. మోండా మార్కెట్ నుంచి బోర్డులు రాసే పెయింటర్ని పిలిపించి, ట్రేల మీద మంచం నంబర్లు వేయించేశాడు. పచ్చటి పెయింటు, అరచేయంత అంకెలు. ఏడో ట్రే ఏడో మంచానికి, తొమ్మిదో ట్రే తొమ్మిదో మంచానికి. చీటీ లేదు, జిగురు లేదు, మిషను లేదు. ఆ ఆలోచనకే వార్షికోత్సవంలో శాలువా కప్పారు. గోడ మీద ఫొటో అదే.

మూడో రోజు ఝాన్సీ మంచాలను చూసింది. మంచాల్లో మనుషులు ఒక్కచోట ఉండరు. ఒకాయనకు ఏసీ గాలి పడదు. ఇంకొకాయనకు బాత్రూం దగ్గర కావాలి. పైన విడి గది ఖాళీ అయిందంటే ఒకాయన అక్కడికి వెళ్ళిపోతాడు. ఉదయం ఏడింటి నుంచీ ఈ మార్పులే. ఎవరు ఎక్కడికి మారారో గోడ మీద బోర్డులో రాయాల్సింది వార్డు గుమాస్తా ఒక్కడే. అతను వచ్చేది తొమ్మిదిన్నరకు. ఈలోగా ఆ బోర్డును నర్సు ముట్టుకోకూడదు, ఆయా అసలే ముట్టుకోకూడదు. ట్రేలు మాత్రం ఎనిమిదిన్నరకే వచ్చేస్తాయి, పచ్చటి అంకెలతో.

నాలుగో పేజీ ఆఖర్న రాసి కింద గీత గీసింది: "ఇది శిక్షణతో తీరే లోపం కాదు. నర్సు పేషెంటు పేరు అడిగినా, సరిచూసుకోవడానికి ట్రే మీద పేరు లేదు. ముందు పేర్లు రావాలి. ఆ తర్వాతే క్లాసు."

గీత గీసిన ఆ వాక్యమే ఇప్పుడు ఎక్కడా లేదు.

"నేను వద్దన్న క్లాసు మీరు పెట్టించారు," అంది ఝాన్సీ. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "'ముందు క్లాసు కానియ్యండ్రి మేడం, ట్రేలు మెల్లగ చూద్దాం' అన్నారు. నమ్మాను. నలభై మందికి క్లాసంటే వచ్చింది పదకొండు మంది. మిగతా వాళ్ళ సంతకాలు ఎక్కడివి?"

"డ్యూటీలల్ల ఉన్నోళ్ళకు హెడ్ నర్స్ ప్రిసిల్లా సిస్టర్ వార్డులనే చెప్పింది."

"చెప్పలేదు. కాగితం తిప్పింది. రెండు గంటలకు డ్యూటీ మారే వేళ, ఒకచేత్తో చెప్పులేసుకుంటూ ఇంకోచేత్తో సంతకం పెట్టారు అందరూ."

"పెట్టిందా లేదా కల్పలత? పెట్టింది. ట్రైనింగ్ అయినట్టు పెట్టింది. నేర్చుకొని సుత తప్పు చేసిందంటే అది ఎవల తప్పు మేడం? ఆస్పత్రిదా?"

ఆ ఒక్కమాట కోసమే అంతా జరిగిందని ఝాన్సీకి అప్పుడు స్పష్టంగా అర్థమైంది. తన పోస్టర్లు, తన క్లాసు, తను రంగులు ఎంచి తయారు చేసిన బొమ్మలు, ఇవేవీ నర్సులకు నేర్పడానికి కాదు. రేపు ఏదైనా జరిగితే వాళ్ళ మీదికి తోసేయడానికి. ఆ తోసే కర్ర తనే చెక్కి ఇచ్చింది.

"కల్పలత చిన్నపిల్ల. ఇంకోతాన దొరుకుతది," అన్నాడు రాఘవేందర్, ఈసారి కాస్త మెత్తగా. "మీరెందుకు పరేషాన్ అయితరు? మీ నౌకరి కన్ఫర్మేషన్ వచ్చే నెల ఉన్నది. నేనే సంతకం పెట్టేది."

"కౌన్సిల్‌కి రాశాక ఆ పిల్లకు ఎక్కడ దొరుకుతుంది?"

"గదంత నా చేతుల లేదు."

"నాలుగు పేజీలు మాత్రం మీ చేతిలో ఉన్నాయి." ఝాన్సీ బ్యాగులోంచి నీలం అట్ట పుస్తకం తీసి అతని బల్ల మీద పెట్టి, చెయ్యి మాత్రం దాని మీంచి తీయలేదు. "మీరు చింపింది అచ్చయిన కాగితాలు. నా చేత్తో రాసుకున్నది ఇదిగో. తారీఖులతో, గంటలతో సహా. నాలుగింటికి ఇదే చదువుతాను. మీరు నా కన్ఫర్మేషన్ కాగితం మీద ఏం గీసుకుంటారో గీసుకోండి."

రాఘవేందర్ ఆ పుస్తకం వైపు కొంచెంసేపు చూశాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలాడు.

"చదువుర్రి," అన్నాడు. "కానీ మొత్తం చదవాలె మేడం. మీకు పసందైనంత కాదు."

ఆ పుస్తకంలో ఆఖరి మాట సోమవారం ఉదయం రాసింది. "పేరు అడగండి" అన్న పోస్టర్లు అంటించడానికి వార్డుకు వెళ్ళినప్పుడు, కిటికీ పక్క కుర్చీలో కూర్చున్న ఒక పెద్దాయన కళ్ళజోడు పైకి తోసుకుని పోస్టరు పైకే చదివాడు. రైళ్ళలో ముప్ఫై నాలుగేళ్ళు టికెట్లు తనిఖీ చేసి రిటైరయ్యానన్నాడు. భుజం మీద తువ్వాలు, చొక్కా జేబుకు పెన్ను. "బెర్తు మారితే చార్టు మారాలమ్మా. మా దగ్గర అదే మొదటి పాఠం" అన్నాడు. పేజీలకు పేజీలు రాసి తను ఎవరికీ ఎక్కించలేకపోయింది ఆయన నాలుగు మాటల్లో చెప్పేశాడు. ఝాన్సీ మనసారా నవ్వి, నిలబడే రాసుకుంది. మధ్యాహ్నం ఐసీయూ బయట తెలిసింది, ఆ పెద్దాయనే రామ్మోహనరావుగారని. అప్పటినుంచీ ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా లోపల ఎక్కడో చిన్న ముల్లు కదులుతోంది. అది కోపమే అనుకుంది.

కిందికి దిగేసరికి మీటింగు గది బయట బెంచీ మీద కల్పలత కూర్చుని ఉంది. యూనిఫాం లేకుండా, గళ్ళ చుడీదార్‌లో, ఎవరినో చూడటానికి వచ్చిన పేషెంటు తాలూకు మనిషిలా ఉంది. ఝాన్సీని చూసి లేవబోయింది.

"కూర్చో. ఏమైనా తిన్నావా?"

"తినబుద్ధి అయితలేదు మేడం." చున్నీ కొస వేలికి చుట్టుకుంటోంది. "నేను లోపట అబద్ధం చెప్ప. పేరు అడగలే. గదైతే నిజం. వీక్లీ ఆఫ్ తర్వాత ఫస్ట్ డ్యూటీ. కొత్త మొఖాలన్నీ. తొమ్మిదో నంబర్ల ఉన్న షుగరాయన పొద్దుగాల్నే పైన రూముకు పోయిండని నాకెవరూ చెప్పలే. తాత అడిగిండు మేడం, ఏం ఇంజెక్షన్ బిడ్డా అని. రోజూ ఇచ్చేదే తాతా అన్న." ఆగింది. "రోజూ ఇచ్చేదే అన్న."

"పేరు అడిగి ఉంటే, ట్రే మీద ఏం చూసేదానివి?"

కల్పలత తలెత్తింది. ఆ ప్రశ్న ఇప్పటిదాకా ఆమెను ఎవరూ అడగలేదు.

"తొమ్మిది అని చూసేదాన్ని," అంది మెల్లగా.

"మరి ఆ సంతకం?"

"ప్రిసిల్లా సిస్టర్ తెచ్చిన్రు. రెండున్నర ఎంఎంటీఎస్ రైలు పోతదని పెట్టిన. ఏందో సుత చదవలే."

ఝాన్సీ ఆమె భుజం మీద చెయ్యి వేసి, మందుల గదికి వెళ్ళి, ఒక ట్రే అడిగి తెచ్చుకుంది.

నాలుగు గంటలకు బల్లకు ఆ కొసన మెడికల్ డైరెక్టర్ డాక్టర్ పద్మనాభం కూర్చున్నారు. ఆయనకు ఒకపక్క రాఘవేందర్, ఇంకోపక్క నర్సులందరికీ పెద్ద ప్రిసిల్లా సిస్టర్. కల్పలతను తలుపు దగ్గర నిలబెట్టారు. ఝాన్సీ ఒక కుర్చీ లాగి ఆమెకు వేసి, అప్పుడు తను కూర్చుంది.

రాఘవేందర్ షురూ చేశాడు. శిక్షణ ఇచ్చారు, సంతకం ఉంది, అయినా తప్పు జరిగింది. మూడు ముక్కల్లో ముగించాడు. పద్మనాభంగారు స్పైరల్ పుస్తకం తిరగేస్తూ, "మరి మీరేమంటారమ్మా?" అన్నారు ఝాన్సీతో.

ఝాన్సీ ఒళ్ళో ఉన్న ట్రే తీసి ఆయన ముందు పెట్టింది. అందులో రెండు మాత్రల పట్టీలు, ఒక సిరంజి, చిన్న మందు బుడ్డి. అంచు మీద పచ్చటి పెయింటుతో తొమ్మిది.

"ఈ మందులు ఎవరివి డాక్టర్ గారూ?"

ఆయన ట్రే చూసి, "తొమ్మిదో నంబర్ పేషెంటువి" అన్నారు.

"ఆయన పేరు?"

పద్మనాభంగారు ట్రే అటు తిప్పారు, ఇటు తిప్పారు. అడుగున కూడా చూశారు. ప్రిసిల్లా కళ్ళు దించుకుంది.

"లేదే," అన్నారు చివరికి.

"పాతికేళ్ళ సర్వీసున్న డాక్టరు, ఏసీ గదిలో కూర్చుని, ఇంతసేపు వెతికినా చెప్పలేనిది, ఇరవై రెండు మంచాల మధ్య పరిగెత్తే పిల్ల చెప్పాలా?" ఝాన్సీ గొంతు పెరగలేదు. పెంచితే వణుకుతుందని ఆమెకు తెలుసు. "మీకు కూడా క్లాసు చెప్పి సంతకం తీసుకోమంటారా? ఈ ట్రేలతో ఎన్ని క్లాసులు చెప్పినా ఇదే జరుగుతుందని జూన్‌లోనే రాశాను. నాలుగు పేజీలు. వాటిని చింపేసి, ఐదో పేజీకి ఒకటి అని నంబరు వేసి మీ ముందు పెట్టారు. చింపింది కాగితాలే అనుకున్నారు. ఒక మనిషి పక్షవాతం వచ్చినవాడిలా నత్తినత్తిగా మాట్లాడుతున్నాడు పైన. ఒక ఆడపిల్ల బతుకు ఈ బల్ల మీద ఉంది. ఆ తప్పులో ఆ పిల్ల వాటా ఎంతో అంతే వేయండి. ఆస్పత్రి వాటా కూడా ఆ పిల్ల నెత్తినే పెడతామంటే నేను ఒప్పుకోను."

నీలం పుస్తకం తెరిచి చదివింది. యాభై ఎనిమిదిసార్లు. ఆరుసార్లు. గుమాస్తా వచ్చే వేళ, ట్రేలు వచ్చే వేళ. గీత గీసిన వాక్యం రెండుసార్లు చదివింది. కల్పలత చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

పద్మనాభంగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "రాఘవేందర్," అన్నారు, "ఆ పేజీలు తీయమన్నది ఎవరు?"

రాఘవేందర్ ముఖంలో రంగు మారడం ఝాన్సీ చూసింది. కన్ఫర్మేషన్ రాకపోతే పోనీ అనుకుంది.

అప్పుడు తలుపు తట్టి రోసమ్మ తల లోపలికి పెట్టింది.

"సార్, మాఫ్ చేయుర్రి. ఐసీయూ తాత భార్య వచ్చింది. మీటింగంటే వినది. గిప్పుడే కలవాలంటది."

రామ్మోహనరావుగారి భార్య కామాక్షమ్మ అప్పటికే రోసమ్మను దాటి లోపలికి వచ్చేసింది. సీతాఫల్‌మండి నుంచి నాలుగు రోజులుగా పొద్దునా సాయంత్రం తిరుగుతున్న మనిషి. జరీ వెలిసిన నేత చీర, చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం.

"ఇక్కడ ఎవరి తప్పో తేలుస్తున్నారని చెప్పారండీ," అంది. "మా వారు ఇవాళ పొద్దుట్నుంచీ మంచం పక్క డ్రాయరు చూపిస్తూ ఒకటే గోల. మాట సరిగ్గా రాదు కదా, నాకు అర్థం కాలేదు. వార్డు డ్రాయర్లోవన్నీ సర్దిన సంచీలో వెతికితే ఇది దొరికింది."

పద్మనాభంగారు లేచి నిలబడ్డారు. "కూర్చోండమ్మా. ఏమిటది?"

"చార్టండీ." ఆవిడ మడతలు విప్పింది. ఆస్పత్రి వాళ్ళిచ్చే భోజనం కాగితం వెనకవైపు, పెన్నుతో గళ్ళు గీసి ఉన్నాయి. "రిటైరై పదేళ్ళయినా ఆయనకు ఈ జబ్బు పోలేదు. పెళ్ళికెళ్ళినా ఎవరు ఏ కుర్చీలోంచి ఏ కుర్చీలోకి మారారో రాస్తాడు. ఎవరితో ఏం చెప్పాడో అది కూడా రాస్తాడు, రేపు నాకు చెప్పలేదంటారేమో అని. వార్డులో చేరిన దగ్గర్నుంచీ ఎవరు ఏ మంచానికి మారారో మొత్తం ఉంది. సోమవారం నాడు ఆయన మారిందీ ఉంది."

"చదవండమ్మా," అన్నారు పద్మనాభంగారు.

కామాక్షమ్మ కాగితం దూరంగా పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది.

"ఏడు నలభై ఐదు. తొమ్మిది ఖాళీ. పై గదికి. ఎనిమిది పది. ఏడు నుంచి తొమ్మిదికి, నేనే. కిటికీ కోసం. ఆయా మార్చింది. ఎనిమిది ఇరవై. బోర్డు మీద ఇంకా ఏడే ఉంది. నీలం పుస్తకం పట్టుకుని పోస్టర్లు అంటిస్తున్న అమ్మాయికి చెప్పాను." కొంచెం ఆగి, ఆఖరి మాట చదివింది. "రాసుకుంది."

ఇన్సులిన్ ఇచ్చింది ఎనిమిది నలభైకి. అది అక్కడున్న అందరికీ తెలుసు.

ఝాన్సీకి ఆ కుర్చీ, ఆ తువ్వాలు, పైకి తోసుకున్న కళ్ళజోడు ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చాయి. ఆయన ముందు ఇంకో మాట అన్నాడు. "నేను ఇందాకే తొమ్మిదికి మారానమ్మా, మీ బోర్డు మీద ఇంకా ఏడే ఉంది చూడు" అన్నాడు. ఆ తర్వాతే బెర్తు మాట, చార్టు మాట. మొదటి మాట ఆమె రాసుకోలేదు. బాగున్న మాట రాసుకుని, పోస్టరు నాలుగు మూలలా టేపు సరిగ్గా అంటిందో లేదో చూసుకుని, వెళ్ళిపోయింది.

కామాక్షమ్మ కాగితం మీంచి తలెత్తి గదంతా వెతికింది. ఆవిడ చూపు ఝాన్సీ చేతుల్లో తెరిచి ఉన్న నీలం అట్ట పుస్తకం మీదికొచ్చి ఆగింది.

"చదువుర్రి మేడం," అన్నాడు రాఘవేందర్. నవ్వలేదు. "సోమవారం పేజీ సుత చదువుర్రి."

ఝాన్సీ వేలు పేజీ అంచు మీద ఉంది. తిప్పడానికి ఒక్క క్షణం చాలు. ఆ వేలు కదల్లేదు.

కుర్చీ జరిగిన చప్పుడైంది. కల్పలత లేచి బల్ల దగ్గరకు వచ్చి నిలబడింది. చున్నీ నోటి దగ్గర లేదిప్పుడు. కళ్ళు పొడిగా ఉన్నాయి.

"ఇటియ్యండ్రి మేడం," అని చెయ్యి చాపింది. "నేను చదువుత."